పదకొండో చుక్క

అరచేతిలో ఇమిడిపోయే గాజుబుడ్డి. లోపల అయిదు మిల్లీలీటర్ల ద్రవం, వెన్నెలను కరిగించి పోసినట్టు. చలిపెట్టెలోంచి బయటికి తీయగానే దాని ఒంటికి సన్నని మంచుచెమట పడుతుంది. నర్సమ్మ బొటనవేలు తగిలినచోట ఆ మంచు చెరిగి చిన్న గవాక్షం తెరుచుకుంటుంది. అందులోంచి పదిమంది కనపడతారు. తలా అర మిల్లీలీటరు. రబ్బరు మూతలో మొదటి సూది దిగిన క్షణం నుంచి దాని ఆయువు నాలుగు గంటలు. ఆ లోపు పది భుజాలూ దొరక్కపోతే మిగిలింది పారబోయాలి. రెండు డిగ్రీలకు దిగువన బతకదు, ఎనిమిదికి ఎగువన బతకదు. ఇంత సుకుమారి, ఇంత స్వల్పాయుష్కురాలు, 2021లో ఈ దేశం మొత్తానికి ఆశాదేవత అయి కూర్చుంది.

ఆ కోవిషీల్డ్ బుడ్డి మా దీవుల్లో ఎంత దూరం ప్రయాణం చేసిందో! ఉత్తరాన ల్యాండ్‌ఫాల్ దీవి నుంచి దక్షిణాన ఇందిరా పాయింట్ దాకా దాదాపు 800 కిలోమీటర్ల నీలం మీద, దారం తెగి దొర్లిపోయిన పచ్చపూసల్లాగ ఎనిమిది వందల పైచిలుకు దీవులు, దిబ్బలు, రాళ్ళు. వాటిలో మనుషులున్నవి కొన్నే. 2011 లెక్కల్లో అందరమూ కలిసి 3,80,581 మందిమి. అందులో నూటికి పదముగ్గురు తెలుగువాళ్ళం: సోంపేట, కవిటి, మందస, ఇచ్ఛాపురం వైపు నుంచి విశాఖ ఓడెక్కి వచ్చినవాళ్ళం, వచ్చినవాళ్ళ పిల్లలం. కార్ నికోబార్, కమోర్తా, కచ్చాల్, తెరెస్సా, చౌరా, క్యాంప్‌బెల్ బే — ఒక్కొక్క పేరూ ఒక్కొక్క అలల మజిలీ. భుజాన నీలిపెట్టె, పెట్టెలో మంచుపలకలు, పలకల నడుమ గాజుబుడ్డి. ఓడ దిగి పడవ, పడవ దిగి మోకాలిలోతు నీళ్ళు, నీళ్ళు దాటి కొబ్బరితోపు. అక్కడ పదిమంది పోగయ్యేదాకా మూత తీయకూడదు. తొమ్మిదిమందే ఉంటే పదోవాడి కోసం తోపంతా కేకలు. ఆ కేకల్లో ఎంత మర్యాద ఉందో చూడండి: పదో మనిషి లేకుండా తొమ్మిదిమంది మొదలుపెట్టరు.

అంత మర్యాదగా బతకవలసిన ద్రవం కొన్నిచోట్ల పెద్దల ఇళ్ళ దారి పట్టింది. అందుకే ఈ ఏడుపు.

పాలకడలి చిలికిన కథ మనకు ఉగ్గుపాలతో వచ్చింది. ముందు హాలాహలం పుట్టింది. ముల్లోకాలూ కమిలిపోతుంటే కాపాడమని అందరూ ఎవరి దగ్గరికి పరుగెత్తారు? పెద్దదేవర దగ్గరికి. ఆయన వరుసలో ముందుకొచ్చి మింగి, గొంతులో నిలుపుకున్నాడు. తరవాత అమృతం పుట్టింది. అప్పుడు వరుసలు కట్టారు. దేవతల వరుసలోకి రాహువు దూరాడు, సూర్యచంద్రులు పట్టిచ్చారు, చక్రం వచ్చి కంఠం తెంచింది. విషానికి ముందు నిలబడినవాడు దేవుడయ్యాడు. అమృతానికి ముందు దూరినవాడు తలా మొండెమూ రెండుగా గ్రహాల్లో తిరుగుతున్నాడు. టీకా కథ మొత్తం ఈ రెండు ఘట్టాల మధ్యే నడిచింది. ఆ ఏడు జనవరిలో సూది మందు హాలాహలం. ఏప్రిల్, మే వచ్చేసరికి అదే మందు అమృతం. బుడ్డి మారలేదు, బుడ్డిలోది మారలేదు. మన భయం ఒకచోటి నుంచి లేచి ఇంకోచోట కూర్చుంది.

జనవరి 3న కోవిషీల్డ్‌కూ, కోవాగ్జిన్‌కూ అత్యవసర అనుమతి. కోవాగ్జిన్ మూడోదశ ఫలితాలు ఇంకా రాలేదు. సందుల్లో, రచ్చబండల మీద, వాట్సాప్‌లో ఒకే మాట: ముందు పెద్దోళ్ళను వేయించుకొమ్మనండి. తెలంగాణ ఆరోగ్యమంత్రిగా ఉన్న ఈటల రాజేందర్ మొదటి టీకా నేనే తీసుకుంటానన్నారు, జనం భయం పోగొట్టడానికి. జనవరి 11న ముఖ్యమంత్రుల సమావేశంలో ప్రధాని మోదీ రాజకీయ నాయకులెవరూ వరుస దాటవద్దని, తమ వంతు వచ్చేదాకా ఆగాలని చెప్పారు. 16న టీకాల పండగ మొదలైంది. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలోను, విజయవాడ ప్రభుత్వాస్పత్రిలోను మొదటి సూది పారిశుద్ధ్య కార్మికురాళ్ళ భుజాలకే. చీపురు పట్టిన చేతికి దేశం పెట్టిన తొలి నమస్కారం అది. కళ్ళు చెమ్మగిల్లాయి, నిజం. ఆ చెమ్మలోనే ఒక అనుమానపు నలుసు కూడా పడింది: ఇదే మందు మీద ఎవరికీ ఏ సందేహమూ లేని రోజున, బుడ్డికి వెయ్యిమంది ఎగబడుతున్న రోజున, ఈ తల్లిని ఇలాగే ముందు కూర్చోబెట్టేవారా? ఆ వారాల్లో వైద్య సిబ్బందే వెనకాడిన కేంద్రాలు ఎన్నో. అటువంటి వేళ ముందుపీట గౌరవమో, పరీక్షో, ఆ పీట మీద కూర్చున్నావిడే చెప్పాలి.

అదే 16వ తేదీన బెంగాల్‌లోని పూర్వ బర్ధమాన్ జిల్లాలో, కాట్వా, భాతార్ ఆస్పత్రుల్లో అధికార పార్టీ ఎమ్మెల్యేలు చొక్కా చేతులు పైకి మడిచారు. మేము రోగుల సంక్షేమ సంఘాల్లో సభ్యులం, కనుక మాకూ హక్కుందన్నారు. హక్కు! వైద్యుడికి, నర్సుకు, ఆస్పత్రి ఆయాకు అట్టిపెట్టిన చుక్క అది. వాళ్ళు శివుడిలా విషం మింగామనుకున్నారో, రాహువులా అమృతం తాగామనుకున్నారో తెలియదు. ఆ రోజున రెండూ అనుకోవచ్చు కూడా. జనవరి పదహారు అటువంటి సంధ్యవేళ.

వేసవి వచ్చింది. ఎండతోపాటు రెండో అల వచ్చింది. అలల్ని మేము ఎరుగుదుము. 2004 డిసెంబరులో నికోబార్ దీవుల్ని మింగిన అలను ఎరిగినవాళ్ళం. అది ఒక్క ఉదయంలో వచ్చి పోయింది. ఇది వచ్చి, పోకుండా కూర్చుంది. ఢిల్లీలో చితులకు చోటు చాల్లేదు. తిరుపతి రుయా ఆస్పత్రిలో మే 10 రాత్రి ప్రాణవాయువు కాసేపు ఆగింది, ఆ కాసేపట్లో పదకొండు మంది ఆగిపోయారు. మే 1 నుంచి పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళందరికీ టీకా అని ద్వారాలు తెరిచారు; ద్వారం వెనక గది ఖాళీ. ప్రపంచానికి టీకాలు వండే జీనోమ్ వ్యాలీని గుండెలమీద పెట్టుకున్న తెలంగాణే ఆ నెలలో మొదటి డోసులు నిలిపేసి, రెండో డోసు వాళ్ళకే సర్దింది. కోవిషీల్డ్ రాష్ట్రాలకు 300 రూపాయలు, ప్రైవేటు ఆస్పత్రులకు 600. కోవాగ్జిన్ రాష్ట్రాలకు 400, ప్రైవేటుకు 1,200. డబ్బున్న భుజానికి ఒక ధర, లేని భుజానికి ఎదురుచూపు. కొన్ని ఆస్పత్రులు పెద్ద హోటళ్ళతో కలిసి గది, పలహారం, టీకా అన్నీ ఒకే బేరంగా అమ్మజూపితే కేంద్రమే వద్దని మందలించవలసి వచ్చింది. పక్కమీద పడుకోబెట్టి, పండ్లరసం ఇచ్చి, సూది! ఇటు వీధిలో తెల్లవారుజామున చెప్పుల్ని వరుసలో పెట్టి, తాము చెట్టునీడన కూర్చున్న ముసలివాళ్ళు. ఆ చెప్పులే వాళ్ళ ప్రతినిధులు. ఎన్నికల్లో నెగ్గినవాళ్ళకంటే నమ్మకమైన ప్రతినిధులు. చోటు వదిలి కదల్లేదు.

నిందలోనూ న్యాయం తప్పకూడదు. మార్చి 1న అరవై దాటినవాళ్ళ వంతు వచ్చినప్పుడు ప్రధాని ఎయిమ్స్‌కు వెళ్ళి వేయించుకున్నారు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు చెన్నైలోని ప్రభుత్వాస్పత్రికి వెళ్ళారు. ఏప్రిల్ 1న నలభై అయిదు దాటినవాళ్ళ వంతు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గుంటూరు భారత్‌పేట వార్డు సచివాలయంలో వేయించుకున్నారు. కెమెరాలు లేవని కాదు. కానీ గడప దాటి వెళ్ళారు, వయసు ప్రకారం వెళ్ళారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు.

కోపం కర్ణాటకలోని హిరేకెరూరు మీద. వంతు తెరుచుకున్న మర్నాడే, మార్చి 2న, ఆ రాష్ట్ర అప్పటి వ్యవసాయ మంత్రి బి.సి. పాటిల్ తన ఇంట్లో, తన కుర్చీలో, సతీసమేతంగా టీకా వేయించుకున్నారు. నర్సు ఇంటికొచ్చింది. చలిపెట్టె ఇంటికొచ్చింది. బుడ్డి ఆయన గడప తొక్కింది. వయసు ఉంది, అర్హత ఉంది. నాలుగు అడుగులు నడిచే తీరిక లేదు. ఆస్పత్రికి వెళ్తే అక్కడి జనానికి ఇబ్బంది కదా అని ఆయన సమాధానం. ఆహా, ఎంత దయ! కేంద్ర ఆరోగ్యశాఖ సంజాయిషీ అడిగింది. చివరికి సస్పెండయింది ఎవరనుకున్నారు? తాలూకా ఆరోగ్యాధికారి. మంత్రి పిలిస్తే వెళ్ళకపోతే ఒక తంటా, వెళ్తే ఒక తంటా అయిన చిన్న ఉద్యోగి. సుదర్శన చక్రం బయలుదేరింది, రాహువును పక్కకు తప్పించి, వడ్డించిన వాడి మెడ వెతుక్కుంది.

ఇక్కడ పురాణాన్ని ఇంకోసారి తెరిచి చూడాలనిపిస్తుంది. రాహువును ఊరికే దొంగ అన్నాం. అసలు ఆ పంపకమే దొంగ పంపకం కాదూ? మోహిని కలశం పట్టుకుని ఒక వరుసకే వడ్డిస్తూ రెండో వరుసకేసి చిరునవ్వులు విసిరింది. తమ వంతు వస్తుందని అటు వరుస ఆకులు కడుక్కుని కూర్చుంది. అనుమానం వచ్చినవాడు ఒక్కడే, వాడే రాహువు. ఆధార్ కార్డులో వయసు రెండేళ్ళు పెంచి చెప్పినవాడు, పక్క జిల్లాలో స్లాటు దొరికితే బైకు మీద నూరు కిలోమీటర్లు పోయినవాడు, ఆస్పత్రి ఓనరు డ్రైవర్నని చెప్పి లోపలికి దూరినవాడు — వాళ్ళు రాహువులు. ఆకలిగొన్న రాహువులు. వాళ్ళను నేను క్షమిస్తాను. నాయకుడు రాహువు కాడు. కలశం పట్టుకున్న చెయ్యి ఆయనది. ఆ చెయ్యే తన నోటికేసి వంగిందంటే, ఏ చంద్రుడు ఎవరికి చెప్పాలి?

ఈ వంకర చెయ్యి మనకే సొంతం అనుకుని కుమిలిపోనక్కర్లేదు. 2021 జనవరి 18న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ ఒక అంకె చెప్పాడు. సంపన్న దేశాల్లో కోట్ల డోసులు పడుతున్న వేళ, అతిపేద దేశం ఒకదానిలో మొత్తం పడినవి 25. లక్షలు కావు, వేలు కావు, ఇరవై అయిదు. ఆ దేశం పశ్చిమాఫ్రికాలోని గినీ. కోటికి పైగా జనం. ఆ 25 సూదులూ దిగింది ప్రభుత్వ పెద్దల భుజాల్లోనే. దేశాధ్యక్షుడు ఆల్ఫా కోండే వాళ్ళలో ఒకడు. ప్రపంచం ఆ దేశానికి చేసిన అన్యాయమూ, ఆ దేశం తన ప్రజలకు చేసిన అన్యాయమూ ఒకే అంకెలో ఇమిడిపోయాయి. లెబనాన్‌లో ఫిబ్రవరి 23న టీకాలు పార్లమెంటు భవనానికే నడిచొచ్చి సభ్యుల భుజాలెక్కాయి. డబ్బు ఆపేస్తామని ప్రపంచ బ్యాంకు బెదిరించింది. అర్జెంటీనా ఆరోగ్యమంత్రి గోన్సాలెస్ గార్సియా పాత స్నేహితుణ్ణి తన మంత్రిత్వశాఖకే పిలిచి వేయించాడు. ఆ స్నేహితుడు పాత్రికేయుడు, రేడియోలో ఆ ముచ్చట తనే చెప్పేశాడు. మంత్రి పదవి పోయింది.

పెరూ కథ దగ్గర కాసేపు కూర్చోవాలి. అక్కడ వైద్యులు రాలిపోతున్నారు, పూలచెట్టును గాలి దులిపినట్టు. చైనా టీకా ప్రయోగాల కోసం వచ్చిన డోసుల్లో కొన్ని పక్కకు జరిగాయి. 2020 అక్టోబరులో, దేశానికి టీకా అన్న మాటే కలగా ఉన్న రోజుల్లో, అధ్యక్షుడు మార్టిన్ విస్కార్రా గుట్టుగా వేయించుకున్నాడు. ఆరోగ్యమంత్రి పిలార్ మసెట్టీ తాను చివర వేయించుకుంటానంది, ఓడలోంచి కెప్టెన్ చివర కదా దిగేది అంది. ఓడల మీద బతికే మాకు ఆ మాట ఎంత బాగా వినపడుతుందో! తీరా చూస్తే ఆ కెప్టెనమ్మ అందరికంటే ముందే పడవ దింపుకుని ఒడ్డు చేరింది. ఆమె రాజీనామా చేసింది, విదేశాంగ మంత్రి ఎలిసబెత్ అస్తెతే రాజీనామా చేసింది. అలా గుట్టుగా వేయించుకున్నవాళ్ళు మొత్తం 487 మంది.

కెనడా వాళ్ళది ఇంకో రకం. యూకాన్ ప్రాంతంలో బీవర్ క్రీక్ అని మారుమూల పల్లె. ఆదివాసులు, వృద్ధులు, దగ్గర్లో ఆస్పత్రి లేదు, అందుకే వాళ్ళకు టీకా ముందు పంపారు. జనవరిలో ఒక జూదశాలల కంపెనీ అధిపతి, ఆయన భార్య అద్దె విమానంలో అక్కడ దిగి, ఈ ఊరి హోటల్లో పనివాళ్ళమని చెప్పి సూది వేయించుకుపోయారు. రాజకీయులు కారు, డబ్బున్నవాళ్ళు. కానీ ఈ వార్త చదివినప్పుడు నా కళ్ళ ముందు కదిలింది స్ట్రెయిట్ దీవి.

గ్రేట్ అండమానీయుల దీవి అది. 1858లో తెల్లవాళ్ళు ఖైదీల వలస స్థాపించేనాటికి ఈ అడవుల్లో వేల సంఖ్యలో పది తెగలుగా, పది పలుకులుగా బతికినవాళ్ళు. ఓడల్లో సంకెళ్ళతోపాటు జబ్బులు దిగాయి. 1877లో తట్టు వచ్చి తెగలకు తెగలను ఊడ్చుకుపోయింది. సుఖరోగాలు, విషజ్వరాలు మిగతా పని చూశాయి. 1901లో 625 మంది. 1911లో 455. 1931లో 90. 1961లో 19. ఇవి జనాభా లెక్కలు; నాకు మాత్రం ఆరిపోతున్న దీపాల వరుసలా వినపడతాయి, ఒక్కొక్క అంకెకూ ఒక్కొక్క గాలి. 2010 జనవరిలో బోవా అనే పెద్దావిడ పోయింది, ఆమెతోపాటు బో భాష పోయింది. ఆ భాషలో ఆమె చివరి ఏళ్ళలో పిట్టలతో మాట్లాడేదని చెబుతారు, బదులు చెప్పే మనిషి లేక. 2020 ఆగస్టులో, యాభై పైచిలుకు మిగిలిన ఆ జాతిలో పదిమందికి కోవిడ్ తేలింది. పదిమంది! ఒక్క గాజుబుడ్డి చాలు పదిమందికి. ఆ ఆగస్టులో ఆ బుడ్డి ఇంకా జనం దాకా రాలేదు. అదృష్టం, వాళ్ళు కోలుకున్నారు. జబ్బు ఎప్పుడూ వాళ్ళ దగ్గరికి మొదటి ఓడలోనే వచ్చింది, వరుస అడక్కుండా. మందు మాత్రం టిక్కెట్టు దొరికాకే బయలుదేరుతుంది.

ఇంకో లెక్క కూడా ఈ మట్టికి తెలుసు. 1880లో ఇక్కడి ఖైదీల మీద సింకోనా మందు ప్రయోగించారని, బలవంతంగా గొంతులో పోశారని, వాంతులతో, విరేచనాలతో, తీరని దిగులుతో వాళ్ళు అల్లాడారని 2001లో గార్డియన్ పత్రిక పాత దస్త్రాలు తిరగేసి రాసింది. మలేరియా మందు రుచి చూడ్డానికి సర్కారుకు అప్పుడు సంకెళ్ళ వరుస కావలసి వచ్చింది. అదే కాలంలో ఎదురుగా రాస్ దీవిలో, ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంలో, దొరలకు రొట్టెల బట్టీ, చర్చి, టెన్నిసు ఆట. ఖైదీల తీరానికీ దొరల దీవికీ మధ్య నీళ్ళు ఎంతని! గట్టిగా పిలిస్తే వినపడేంత. బొంబాయిలో శాస్త్రవేత్త హాఫ్‌కిన్ మాత్రం 1897 జనవరి 10న ప్లేగు టీకాను ముందు తన ఒంటికే ఎక్కించుకున్నాడు. బైకుల్లా జైలు ఖైదీల వంతు ఆ తరవాతే. తన మందు తాను మింగిన నీలకంఠుడు. రంప పితూరీలో పట్టుబడి గోదావరి మన్యం నుంచి ఈ దీవులకు వచ్చిన మన గిరిజన వీరుల్ని తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది: మందు మీద నమ్మకం లేనినాడు ఆ చేతులే ముందు చాపమన్నారు, నమ్మకం కుదిరిననాడు ఆ చేతుల్నే వెనక్కి లాక్కోమన్నారు. సంకెళ్ళు పోయాయి. వరుస అలాగే ఉంది.

మే నెల నడుమ జంగ్లీఘాట్ రేవులో ఒకావిడను చూశాను. యాభై దాటిన మనిషి. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా దోపి, సూరాయి చేపల గంప దించి, చేతులు ఉప్పునీళ్ళలో కడిగి, బొడ్లో దోపిన ప్లాస్టిక్ సంచీ తీసింది. సంచీలో నాలుగు మడతల కాగితం. మొదటి డోసు చీటీ. ఆరు వారాలు లెక్కపెట్టుకుని, ఆ పూట బేరం వదులుకుని కేంద్రానికి వెళ్ళొచ్చిందట. గడువు మారింది, పన్నెండు వారాలు నిండాక రమ్మన్నారట. మే 13న వచ్చిన కొత్త ఉత్తర్వు అది: పన్నెండు నుంచి పదహారు వారాలు.

"మొన్న ఆరంటే ఆరన్నారు, ఇపుడు పన్నెండంతన్నారు. మందు మారినాదా, నెక్క మారినాదా బాబూ?" అంది.

ఎడం పెరిగితే టీకా బలం పెరుగుతుందని బ్రిటన్ పరిశోధనలు చెప్పిన మాట అబద్ధం కాదు. ఆ మాట సరిగ్గా బుడ్లు ఖాళీ అయిన వారంలో మనకు గుర్తొచ్చిందన్నదీ అబద్ధం కాదు. ఈ రెండు నిజాల్నీ ఆవిడకు ఏ వరుసలో చెప్పను? నేను నీళ్ళు నమిలేలోపే ఆవిడ కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది. "మినిస్టర్లకీ ఇలాగే పన్నెండేనేటి?" అని, జవాబు కోసం ఆగకుండా గంప ఎత్తించుకుంది. ఆ గంప కింద ఆమె మెడ నరాలు తాళ్ళలా బిగిశాయి. ఓ మెడా! నీమీద ఏ చక్రమూ పడలేదు, నువ్వు ఎవరి అమృతమూ దొంగిలించలేదు, అయినా ఇంత బరువు నీకెవరు రాశారు?

దీవుల్లో పుట్టినవాడికి వరుస కొత్త కాదు. ఓడ టిక్కెట్టుకు వరుస, హెలికాప్టర్ సీటుకు వరుస. జి.బి. పంత్ ఆస్పత్రి దాటిన జబ్బయితే చెన్నైకో కలకత్తాకో వెళ్ళే విమానం కోసం ఇంటిల్లిపాదీ దండం పెడుతూ నిలబడటం. తుపాను జెండా ఎగిరితే వరుస మొత్తం రేపటికి. ఆ ఆలస్యం సముద్రం పెట్టింది, సముద్రాన్ని ఎవరం తిట్టం. మన కడుపు రగిలేది, అలలు ప్రశాంతంగా ఉండి, ఓడ రేవులోనే ఉండి, మన చోటులో ఇంకెవరి పెట్టో ముందే ఎక్కి ఉన్నప్పుడు.

అయితే అదే మే నెలలో, అరేబియా సముద్రం పక్క నుంచి ఒక వింత కబురు వచ్చింది. కేరళకు కేంద్రం పంపిన డోసులు 73,38,806. కేరళ వేసిన డోసులు 74,26,164. పుచ్చుకున్నదానికంటే పంచింది ఎక్కువ! మాయ కాదు. బుడ్డిలో పది డోసులకు పైన, వృథా పోయే పాలు కింద ఒక్క పిసరు అదనంగా నింపుతారు. కేరళ నర్సులు ఆ పిసరును వదల్లేదు. బుడ్డిని వెలుగుకెత్తి, తలకిందులు చేసి, సిరంజిలోని గాలిని కేశమంత కూడా మిగలకుండా తోసి, గాజు భుజానికి అంటుకున్న బొట్టును వేలితో తట్టి సూదిమొన దగ్గరకు దింపి, పదకొండో చుక్కను పిండారు. రోజుకు ఎన్ని వందల బుడ్లు, మాస్కు కింద ఎంత ఉక్క, చేతి తొడుగుల్లో ఎంత చెమట! ఆ చెమటలోంచి 87,358 మంది పుట్టుకొచ్చారు, ఏ జాబితాలోనూ లేనివాళ్ళు. ఆ అమ్మల చేతుల్ని కళ్ళకద్దుకోవాలి. హిరేకెరూరులో ఆ బుడ్డి ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్ళింది. కేరళలో బుడ్డి అడుగున దాక్కున్నదాన్ని కూడా వెతికి బయటికి రప్పించి, ముక్కూ మొహం తెలియని మనిషికి ఇచ్చారు.

మా దగ్గర కూడా అటువంటి చేతులే పనిచేశాయి. 2021 డిసెంబరులో, అర్హులందరికీ రెండు డోసులూ పూర్తయ్యాయని, అంతా కోవిషీల్డేనని అండమాన్ నికోబార్ పాలనాయంత్రాంగం ప్రకటించింది. అడవులు, కొండలు, అల్లకల్లోలపు నీళ్ళు దాటి నీలిపెట్టెలు చేరాయి. జంగ్లీఘాట్ గంపావిడ కూడా ఆ లెక్కలో ఉండే ఉంటుంది. సంతోషం. ఆలస్యంగా వచ్చినా సంతోషమే. కాని ఏప్రిల్ మే నెలల్లో పోయినవాళ్ళకు డిసెంబరు రాలేదు. వాళ్ళ వంతు ఏ తేదీన ఎవరి వల్ల జారిపోయిందో, లేక ఎవరి వల్లా కాకుండా ఊరికే జారిపోయిందో, వాళ్ళ పిల్లలకు తెలియాలి.

పెరూ వాళ్ళు ఆ 487 పేర్లూ బయటపెట్టారు. పత్రికల్లో అచ్చయ్యాయి, ఇరుగుపొరుగు చదివారు, చుట్టాలు చదివారు. విస్కార్రాను పదేళ్ళు ఏ ప్రభుత్వ పదవీ చేపట్టకుండా వాళ్ళ కాంగ్రెస్ నిషేధించింది. మనకు టీకాలు నమోదు చేసిన కోవిన్ ఉంది. వేసిన ప్రతి సూదికీ తేదీ, బ్యాచి నంబరు, కేంద్రం పేరు అందులో ఎక్కాలన్నది ప్రభుత్వం పెట్టిన నియమమే. మాకు రాజీనామాలు అక్కర్లేదు, ఏ చక్రమూ అక్కర్లేదు. వంతు రాకముందు వేయించుకున్న ప్రజాప్రతినిధులెవరు, నర్సును ఇంటికి పిలిపించుకున్నదెవరు, ఏ రోజు, ఏ బుడ్డి. రాష్ట్రాల వారీగా ఒక జాబితా వేసి శాసనసభల్లో బల్ల మీద పెట్టండి. ఇక్కడికి పేపరు ఓ పూట ఆలస్యంగా వస్తుంది, ఓడ ఆగిపోతే వారం కూడా పడుతుంది. ఫరవాలేదు, చదువుకుంటాం.